మోషన్‌లో రక్తం పడుతోంది. ఇవి మొలలేనా? ఎవరికి చూపించుకోవాలి?

పల్నాటి కుర్రాడు
అందరికీ నమస్కారం. ఈ సంగతి ఇంట్లో సగమే చెప్పాను, స్నేహితులకు అసలు చెప్పలేదు. నాకు 34 ఏళ్ళు. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ ఉద్యోగం, రాత్రంతా కుర్చీలోనే. కొన్ని వారాలుగా మోషన్‌కి వెళ్ళినప్పుడు చివర్లో ఎర్రటి రక్తం చుక్కలుగా పడుతోంది. నొప్పి లేదు. ముక్కినప్పుడు మెత్తగా ఏదో బయటికి వచ్చినట్టు తెలుస్తుంది, లేచేసరికి దానంతటదే లోపలికి పోతుంది. అమ్మ "వేడి చేసింది" అని చికెన్ మాన్పించి పూటపూటకీ మజ్జిగ ఇస్తోంది. ఫోన్‌లో వెతికితే అరగంటలో లేజర్, సాయంత్రానికి ఇంటికి అనే ప్రకటనలే. ఇది ఆపరేషన్ దాకా వెళ్తుందా? ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

అమలాపురం అక్క
తమ్ముడూ, నేను సర్జరీ ఓపీలో స్టాఫ్ నర్సుని. నీలాంటి వాళ్ళు రోజూ వస్తారు. అందరూ ముందు "కడుపులో మంట" అని చెప్పి, లేచి వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర అసలు విషయం చెప్తారు.

వెళ్ళాల్సింది జనరల్ సర్జన్ దగ్గరికి. బోర్డు మీద పైల్స్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల సర్జన్ ఉంటాడని నమ్మకం లేదు, డిగ్రీ చూసుకో. గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో జనరల్ సర్జరీ ఓపీలోనే చూస్తారు.

పరీక్ష గురించే అందరికీ భయం కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళు పొట్టవైపు మడిచి పడుకోమంటారు. నడుము కింద తప్ప మిగతాదంతా దుప్పటి కప్పుతాం. డాక్టర్ ముందు బయటి నుంచి చూసి, తర్వాత గ్లవ్ వేసుకుని జెల్లీ రాసి వేలితో చూస్తారు. ఆ తర్వాత ప్రాక్టోస్కోప్ అని చిన్న గొట్టం పెట్టి లోపల చూస్తారు. మోషన్ వస్తున్నట్టు అనిపిస్తుంది, కానీ రాదు. రెండు మూడు నిమిషాల పని. ఆడవాళ్ళకైతే గదిలో తప్పకుండా ఒక నర్సు ఉంటుంది, లేకపోతే ఉండాలని అడగండి, అది మీ హక్కు. మాకిది చెవి చూసినంత మామూలు పని. మీరు సిగ్గుపడతారని మాకు తెలుసు, అందుకే తొందరగా ముగిస్తాం.

కొల్లేటి రైతు
ఆసుపత్రికి వెళ్తే కొయ్యడం తప్ప ఏం చెయ్యరు. మా పక్క ఊళ్ళో తరాల నుంచి ఆకు మందు వేసే కుటుంబం ఉంది. పసరు పూస్తారు, వారంలో మొలలు ఎండి రాలిపోతాయి. మూడు రోజులు మంట ఓర్చుకోవాలి, చప్పిడి తినాలి. దూరం ఊళ్ళ నుంచి జనం వస్తారు. ఒకసారి అదీ ఆలోచించు బాబూ.

ఓరుగల్లు సర్జన్
కొల్లేటి రైతు గారూ, మీరు మేలు కోరే చెప్పారని తెలుసు. కానీ ఆ "ఎండి రాలిపోవడం" తర్వాత ఏమవుతుందో మేము చూస్తుంటాం. ఇలాంటి పూతల్లో కొన్నింటిలో కాల్చే క్షారమో ఆమ్లమో ఉంటుంది. మొలతో పాటు చుట్టూ ఉన్న మంచి చర్మమూ కాలుతుంది. పుండు మానేటప్పుడు దారి బిగుసుకుపోతుంది. చిటికెన వేలు కూడా పట్టనంతగా ఇరుకైపోయి, మోషన్ రాక నరకం పడుతూ వచ్చినవాళ్ళకు నేను ఆపరేషన్ చేశాను. మొలల కంటే ఆ బాధ చాలా పెద్దది.

మన పాత వైద్యాన్ని తక్కువ చేయడం లేదు. సుశ్రుతుడు మొలలకు మందు, క్షారం, అగ్ని, శస్త్రం అని నాలుగు దారులు చెప్పాడు. ఏ మొలకు ఏ దారో చూసి తేల్చుకోవాలన్నాడు, లోపల చూడటానికి అర్శోయంత్రం అనే గొట్టాన్నీ వర్ణించాడు. అంటే ఆయన కూడా చూడకుండా మందు పూయమనలేదు. క్షారసూత్రాన్ని, అంటే క్షారం పూసిన దారంతో చేసే చికిత్సను, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు ఈ కాలంలో మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. అది ఎక్కువగా ఉపయోగపడేది భగందరానికి, అంటే ఆసనం పక్కన చీము కారే దారి ఏర్పడే ఫిస్టులాకి. దాన్ని కూడా అర్హత ఉన్న ఆయుర్వేద శల్య వైద్యుడే చేయాలి.

ఇక పల్నాటి కుర్రాడికి. ఆసన ద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తటి భాగాలు అందరికీ పుట్టుకతోనే ఉంటాయి, ముఖ్యంగా మూడు చోట్ల. గాలి, నీళ్ళు జారిపోకుండా ఆపడంలో వాటికి పాత్ర ఉంది. ఏళ్ళ తరబడి ముక్కడం, ఎక్కువసేపు కూర్చోవడం, గర్భం, వయసు వల్ల వాటిని పట్టి ఉంచే కణజాలం వదులై అవి ఉబ్బి కిందికి జారతాయి. వాటినే మొలలు, మూలశంక, పైల్స్ అంటున్నాం. లోపలి మొలల దగ్గర నొప్పి తెలిసే నరాలు ఉండవు, అందుకే రక్తం పడుతున్నా నొప్పి ఉండదు. బయటి చర్మం కింద వచ్చేవి మాత్రం బాగా నొప్పి పెడతాయి.

లోపలి మొలలకు నాలుగు దశలు. రక్తం పడుతుంది కానీ బయటికి రాకపోతే ఒకటి. వచ్చి వాటంతటవే లోపలికి పోతే రెండు. వేలితో నెట్టాల్సివస్తే మూడు. నెట్టినా నిలవకపోతే నాలుగు. మీరు రాసినదాన్ని బట్టి రెండో దశలా ఉంది, రెండో దశకు సాధారణంగా కత్తి అవసరం రాదు. అయితే "లా ఉంది" అనే మాటతో ఆగిపోకండి. రక్తం పడే ప్రతిదీ మొల కాదు. ఎవరో ఒకరు కళ్ళతో చూసి పేరు పెట్టాలి. ఆ తర్వాత చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం మీ ఇంట్లోనే.

సింహపురి
డాక్టర్ గారూ, నాది వేరేలా ఉంది. రక్తం కొద్దిగానే, కాగితానికి అంటుతుంది అంతే. కానీ మోషన్ అయ్యేటప్పుడు గాజు పెంకుతో కోసినట్టు ఉంటుంది, ఆ మంట గంట రెండు గంటలు పోదు. భయంతో తిండి తగ్గించేశాను. మెడికల్ షాపులో పైల్స్ ఆయింట్‌మెంట్ ఇచ్చారు, తగ్గలేదు.

ఓరుగల్లు సర్జన్
అమ్మా, మీరు చెప్పింది ఫిషర్‌లా ఉంది, అంటే చర్మంలో చీలిక. గట్టి మలం కోసేస్తుంది. నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది, బిగుసుకుంటే ఆ చోటికి రక్తం సరిగా అందక చీలిక మానదు. అందుకే మామూలు పైల్స్ ఆయింట్‌మెంట్‌తో సరిపోదు. ఆ కండరాన్ని వదులు చేసే డిల్టియాజెమ్ లాంటి పూత మందును డాక్టర్ రాస్తారు, కొన్ని వారాలు వాడాలి. వేడినీళ్ళ టబ్బులో కూర్చోవడం మీకు మందుతో సమానం. చీలిక తాజాగా ఉండి నొప్పి ఎక్కువైతే వేలితో పరీక్ష చేయరు, చూసి చెప్తారు, భయపడొద్దు. తిండి తగ్గించకండి, మలం ఇంకా గట్టిపడుతుంది.

స్టిరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు వారం మించి సొంతంగా ఎవరూ వాడకండి. చర్మం పలచబడుతుంది.

అమలాపురం అక్క
వేడినీళ్ళ గురించి అందరూ అడుగుతారు. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చని నీళ్ళు పోసి, నడుము కింది భాగం మునిగేలా పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి. రోజుకి రెండు మూడు సార్లు, మోషన్ అయ్యాక ఒకసారి తప్పనిసరి. డెట్టాల్, ఉప్పు, పసుపు ఏమీ వద్దు. తర్వాత మెత్తటి బట్టతో అద్దాలి, రుద్దకూడదు.

కాకినాడ చిన్నారి వాళ్ళమ్మ
కాన్పు తర్వాత వచ్చే వాటి గురించి ఎవరూ మాట్లాడరు, నేను రాస్తాను. ఏడో నెలలోనే దురద, కొంచెం రక్తం మొదలైంది. గర్భంలో మామూలే అన్నారు. కాన్పు అయ్యాక పుట్టింట్లో పథ్యం. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట దిగదని, బిడ్డకు జలుబు చేస్తుందని కొలిచి ఇచ్చారు. వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి, నెయ్యి, అన్నం. కూర అన్న మాటే లేదు. దాని మీద ఐరన్ మాత్ర. మోషన్ రాయిలా తయారైంది. ఒక రోజు పొద్దున ఆసనం దగ్గర ద్రాక్షపండంత గడ్డ, నీలంగా, ముట్టుకుంటే ప్రాణం పోతుంది. కూర్చుని పాలివ్వలేక పడుకునే ఇచ్చేదాన్ని. అమ్మకు చెప్పుకోవడానికే ఒక రోజు పట్టింది.

ఓరుగల్లు సర్జన్
అది బయటి మొలలో రక్తం గడ్డకట్టడం. మొదటి రెండు మూడు రోజులు నొప్పి విపరీతంగా ఉంటుంది, ఆ తర్వాత దానంతటదే తగ్గుముఖం పడుతుంది. 72 గంటల లోపు వస్తే, నొప్పి భరించలేనంతగా ఉంటే, మత్తు సూది ఇచ్చి ఆ గడ్డను తీసేస్తాం, వెంటనే ఉపశమనం. ఆలస్యమైతే తీయడం వల్ల పెద్ద లాభం ఉండదు, నొప్పి మందు, వేడినీళ్ళు, మలం మెత్తబడే సిరప్‌తో నడిపిస్తాం. గడ్డ పూర్తిగా కరగడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. పాలిచ్చే తల్లులకు లాక్టులోజ్ సిరప్, ఇసబ్‌గోల్ ఇబ్బంది లేనివే.

తెనాలి మామ్మ
నాకు డెబ్బై దాటాయమ్మా, చాలా కాన్పులు చూశాను. పథ్యం అంటే కారం అన్నం ఒక్కటే కాదు. మా అత్తగారు మొదటి వారం దాటగానే బీరకాయ, పొట్లకాయ పెట్టేది, వాము వేసి కాచిన నీళ్ళు ఇచ్చేది. కాచిన నీళ్ళు ఎన్ని తాగినా బాలింతకు మంచిదే. నీళ్ళు లేకపోతే పాలెక్కడి నుంచి వస్తాయి? ఆ పిల్ల చెప్పింది చదివి కడుపు తరుక్కుపోయింది. కూతుళ్ళు ఇలాంటి బాధ చెప్పుకోగలిగేలా మనమే ముందు అడగాలి. "మోషన్ సరిగా అవుతోందా, నొప్పిగా ఉందా" అని.

అమలాపురం అక్క
మామ్మగారూ, మీ మాట ప్రింట్ తీసి మా ప్రసూతి వార్డులో అంటించాలనిపిస్తోంది. ఒక్కటే కలుపుతాను: ఐరన్ మాత్ర మాత్రం మానేయకండి. ఆ మాత్ర వేసుకుంటున్నప్పుడు మోషన్ నల్లగా రావడం మామూలుగా దాని రంగే. గట్టిపడుతుంటే డాక్టర్‌కి చెప్పి మాత్ర మార్పించుకోండి.

రాజంపేట టు కువైట్
డ్రైవర్‌గా పని చేస్తున్నాను. ఇక్కడ వేసవిలో 50 డిగ్రీలు దాటే రోజులుంటాయి. నీళ్ళు తాగితే దారిలో ఆపాలి, ఆపితే ఆలస్యం, అందుకని తాగం. తినేది మైదా ఖుబ్జ్ (ఇక్కడి రొట్టె), కోడి. మా గదిలో ఉన్న సగం మందికి ఇదే బాధ, ఎవరికి వాళ్ళు దాచుకున్నారు. ఒకరు బయటపెడితే అందరూ బయటపెట్టారు. ఇప్పుడు బ్రౌన్ ఖుబ్జ్ తెచ్చుకుంటున్నాం, వంట వంతు వచ్చినవాళ్ళు పప్పులో ఏదో ఒక ఆకుకూర వేయాల్సిందే. వెస్టర్న్ టాయిలెట్‌లో కాళ్ళ కింద చిన్న పీట వేసుకుంటే సులువుగా అవుతుంది, ఎవరైనా ప్రయత్నించండి. చాలామందికి తగ్గింది. ఒకతనికి మాత్రం తగ్గలేదు, క్లినిక్‌కి పంపాం.

పల్నాటి కుర్రాడు
పీట సంగతి నాకు కొత్త. ఫోన్ తీసుకెళ్ళడం కూడా కారణమేనా? నేను లోపల ఇరవై నిమిషాలైనా ఉంటాను.

తార్నాక పోషణ
సంబంధం ఉన్నట్టే కనిపిస్తోంది. 2025లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు కొలనోస్కోపీకి, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకి, వచ్చిన 125 మందిని గమనించారు. టాయిలెట్‌లో ఫోన్ వాడేవాళ్ళలో మొలలు ఉండే అవకాశం 46 శాతం ఎక్కువగా కనిపించింది. చిన్న అధ్యయనమే, ఫోనే కారణమని అది నిరూపించలేదు. కానీ దాని వెనక ఉన్న సంగతి సూటిగా అర్థమవుతుంది: కమోడ్ మీద కింద ఆధారం లేకుండా కూర్చుంటే రక్తం అక్కడే నిలుస్తుంది. ఐదు నిమిషాల్లో కాకపోతే లేచి వచ్చేయండి, మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడు ఆపుకోకండి, అది ఇంకా ముఖ్యం. పీట వేస్తే మోకాళ్ళు నడుము కంటే పైకి వస్తాయి, మన పాత లెట్రిన్‌లో గొంతుక్కూర్చున్న భంగిమకు దగ్గరగా ఉంటుంది. అయితే పాత లెట్రిన్‌లో కూడా ఎక్కువసేపు ముక్కుతూ కూర్చుంటే ఫలితం ఒకటే.

నేను న్యూట్రిషన్ చదివాను కాబట్టి తిండి గురించి రాస్తాను, ఇక్కడ మనవాళ్ళకు నిజంగా లోటు ఉంది. పెద్దవాళ్ళకు రోజుకి 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాములు కూడా లేదు. అదే రాగుల్లో, సజ్జల్లో 11 పైన, జొన్నల్లో 10 పైన. రోజుకి మూడు వందల గ్రాముల బియ్యం తిన్నా పీచు ఎనిమిది గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. పైగా మనం కూర కొంచెం, అన్నం కొండంత కలుపుతాం. మా తాతల కాలంలో తెలంగాణలో జొన్న రొట్టె, రాయలసీమలో రాగి సంగటి రోజువారీ తిండి. అవి పండగ వంటలైపోయి సన్నబియ్యం రోజువారీ అయింది. ఒక పూట వాటిని మళ్ళీ తెచ్చుకుంటే సగం పని అవుతుంది.

మిగతా సగానికి రోజూ పప్పు, ఏదో ఒక ఆకుకూర, ఒక జామపండు. జామలో వంద గ్రాములకు ఎనిమిది గ్రాముల దాకా పీచు ఉంటుంది, గింజలతో సహా తినండి. మొలలకు గింజలు చెడ్డవన్నది అపోహ. కంద కూర కూడా మంచిదే. ఒక్కరోజులో అన్నీ పెంచేస్తే గ్యాస్ పట్టి మానేస్తారు, రెండు వారాల్లో మెల్లగా పెంచండి, నీళ్ళు కూడా పెంచండి. పీచు ఎక్కువ తీసుకున్నవాళ్ళలో రక్తం పడటం దాదాపు సగానికి తగ్గిందని పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. ఇంత చవకైన మందు ఇంకోటి లేదు.

కొల్లేటి రైతు
మరి కారం? ఆవకాయ మానేయమని అందరూ అంటారు.

తార్నాక పోషణ
మొలలకు కారమే కారణమని తేలలేదండీ. 2006లో ఇటలీ వైద్యులు మొలలున్న యాభై మందికి మిరప పొడి క్యాప్సూల్ ఒకసారి, ఉత్తుత్తి క్యాప్సూల్ ఒకసారి ఇచ్చి చూస్తే లక్షణాల్లో తేడా కనిపించలేదు. అయితే ఫిషర్ ఉన్నవాళ్ళకు కారం మంట పెంచుతుంది, సింహపురి గారు చీలిక మానేంత వరకు తగ్గించుకోవాలి. కోడిమాంసం "వేడి" కాదు, కోడి తిన్న పూట కూర, పప్పు ముట్టకపోవడమే సమస్య. మజ్జిగ మంచిదే, కానీ అందులో పీచు లేదు.

మానుకోట మాస్టారు
ఇన్ని రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మా అన్నయ్యకు 52 ఏళ్ళప్పుడు రక్తం పడింది. "మొలలే కదా" అని ఇంట్లో అందరం అనుకున్నాం. మెడికల్ షాపు మందు, తర్వాత హోమియో, తర్వాత ఆకు మందు. మధ్యలో రెండు నెలలు రక్తం ఆగింది కూడా, అందుకే మందు పని చేసిందనుకున్నారు. బరువు తగ్గితే షుగర్ అనుకున్నారు. చివరికి ఒక సర్జన్ వేలితో పరీక్ష చేసిన నిమిషంలోనే చెప్పాడు, పురీషనాళంలో గడ్డ అని. క్యాన్సర్. అన్నయ్య ఇప్పుడు లేడు. ఆ ఒక్క నిమిషం పరీక్ష ఏడాది ముందు జరిగి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాం. పల్నాటి బాబూ, నిన్ను భయపెట్టడానికి కాదు. వెళ్ళి చూపించుకో, అంతే.

ఓరుగల్లు సర్జన్
మాస్టారూ, రాసినందుకు మీకు నమస్కారం. మీ మాట చదివి ఒకరైనా ఓపీకి వస్తారు.

రక్తం పడేవాళ్ళలో చాలామందికి మొలలో ఫిషరో ఉంటాయి, క్యాన్సర్ కొద్దిమందికే. కానీ ఇవి ఉంటే ఆలస్యం వద్దు: రక్తం నల్లగానో మలంలో కలిసిపోయో రావడం, జిగురు పడటం, మోషన్ అలవాటు కొత్తగా మారి వారాల తరబడి అలాగే ఉండటం, వెళ్ళొచ్చినా ఇంకా ఉన్నట్టే అనిపించడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం. 45 దాటినవాళ్ళకు మొదటిసారి రక్తం కనిపిస్తే మొలలు కళ్ళకు కనిపిస్తున్నా కొలనోస్కోపీ గురించి అడగండి. మొలలు, గడ్డ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. రక్తం ఒక్కసారిగా ఎక్కువగా పోయి కళ్ళు తిరిగితే నేరుగా ఎమర్జెన్సీకి.

పల్నాటి కుర్రాడు
చూపించుకున్నాను. మాస్టారి మాట చదివిన మర్నాడే వెళ్ళాను. అక్క చెప్పినట్టే జరిగింది, మూడు నిమిషాలు కూడా పట్టలేదు. రెండో దశ మొలలు. వేలికి వేరే ఏమీ తగల్లేదన్నారు. హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ ఉందని మాత్రలు రాశారు. ముందు ఆరు వారాలు పీచు, ఇసబ్‌గోల్, టాయిలెట్ అలవాట్లు మార్చుకోమన్నారు, అప్పటికీ రక్తం ఆగకపోతే బ్యాండ్ వేద్దామన్నారు. అంతకు ముందు ఒక లేజర్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, ఎవరూ చూడకుండానే రేపే ఆపరేషన్‌కి రమ్మని డబ్బు లెక్క చెప్పారు. బ్యాండ్ ఎవరైనా వేయించుకున్నారా?

భీమిలి
నేను వేయించుకున్నాను. మత్తు లేదు, ఓపీలోనే. మొల మొదలు దగ్గర చిన్న రబ్బరు రింగు వేస్తారు, రక్తం అందక అది కొన్ని రోజుల్లో రాలిపోతుంది. రెండు రోజులు బరువుగా, మోషన్ వస్తున్నట్టు అనిపించింది. వారం తర్వాత కొంచెం రక్తం పడింది, ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. మళ్ళీ ఇంకోసారి వేయాల్సి వచ్చింది.

ఓరుగల్లు సర్జన్
అంతే. మళ్ళీ వేయాల్సి రావడం మామూలే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందే చెప్పాలి. బ్యాండ్ తర్వాత జ్వరం, పెరిగే నొప్పి, మూత్రం రాకపోవడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి రావాలి, అరుదే కానీ ప్రమాదం.

లేజర్ మోసం కాదు, కొందరికి తగిన పద్ధతే. కోత ఆపరేషన్ కంటే నొప్పి తక్కువ, మళ్ళీ వచ్చే అవకాశం మాత్రం ఎక్కువ. ఆ సంగతి ప్రకటనలో రాయరు. స్టేప్లర్‌కీ, అంటే జారిన భాగాన్ని పిన్నులతో పైకి బిగించే ఆపరేషన్‌కీ, ఇదే మాట. బ్రిటన్‌లో 777 మంది మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. స్టేప్లర్ చేయించుకున్నవాళ్ళకు మొదట్లో నొప్పి తక్కువ, కానీ రెండేళ్ళ లెక్కలో పాత పద్ధతి కోత ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. మూడు, నాలుగు దశల్లో అవసరమైతే కోతకు భయపడకండి. మీకు మీ సర్జన్ చెప్పిన వరస సరైనది.

సింహపురి
నాకూ ఇసబ్‌గోల్ రాశారు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. రెండూ పొద్దున్నే వేసుకోవచ్చా? అత్తగారికి షుగర్ ఉంది, ఆవిడా వాడొచ్చా?

తార్నాక పోషణ
కలిపి వద్దండీ. థైరాయిడ్ మాత్ర మామూలుగానే పరగడుపున వేసుకోండి, ఇసబ్‌గోల్ సాయంత్రానికి మార్చుకోండి. ఇది మందుల్ని పట్టి ఉంచుతుంది కాబట్టి రాత్రి వేరే మాత్రలున్నా కనీసం రెండు గంటల తేడా ఉండాలి. రెండు చెంచాలు పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి చిక్కబడకముందే తాగి, ఇంకో గ్లాసు నీళ్ళు తాగండి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో పట్టేస్తుంది. అత్తగారికి చక్కెర, ఫ్లేవర్ కలపని ఉత్త పొట్టు కొనండి, షుగర్ మందు ఏ వేళకు వేసుకుంటారో డాక్టర్‌కి చెప్పి మొదలుపెట్టండి.